యూరప్ పైలట్ లైసెన్సు నిబంధనలు చదవడం – 4: రెండో పైలట్ గంటలు ఎక్కడ చెల్లుతాయి?

గత పాఠంలో పరిధి గురించి చూశాం. గ్లైడర్, బెలూన్ లైసెన్సులు 2020లో 1178/2011 నియమావళి (యూరప్ పైలట్ లైసెన్సుల నిబంధనలు) నుంచి బయటికి వెళ్లి, తమ సొంత నియమావళుల్లో చేరాయి. ఈసారి 1178/2011లో లైసెన్సుల అనుబంధమైన పార్ట్-ఎఫ్‌సీఎల్‌లో నిర్వచనాలుండే ఎఫ్‌సీఎల్.010 తెరవండి. మొదటి వాక్యం దాటేయకండి. ఈ నిర్వచనాలు ఈ అనుబంధం వరకే అని అందులోనే ఉంది.

ఒక లెక్క తీసుకుందాం. పది ప్రయాణికుల సీట్లు అమర్చిన కింగ్ ఎయిర్ 200 టర్బోప్రాప్ (టర్బైన్ ఇంజన్లతో ప్రొపెల్లర్లు తిరిగే విమానం). ఒక్క పైలట్ చాలని దాని సర్టిఫికెట్ చెబుతుంది. ఒక సంస్థ దాన్ని వాణిజ్య ప్రయాణాలకు, ఐఎఫ్‌ఆర్ (పరికరాల ఆధారంగా ఎగిరే నిబంధనలు) కింద, ఇద్దరు పైలట్లతో నడుపుతోంది. కుడివైపు కూర్చున్న యువ పైలట్ గంటలు ఏటీపీఎల్‌కు (ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సు) పనికొస్తాయా?

ఏటీపీఎల్‌కు మొత్తం 1500 గంటలు కావాలి. ఎఫ్‌సీఎల్.510.ఎ ప్రకారం వాటిలో కనీసం 500 గంటలు మల్టీ-పైలట్ ఆపరేషన్లలో ఉండాలి. చాలామంది ఇక్కడే ‘మల్టీ-పైలట్ విమానం’ అని చదివేసుకుని, కింగ్ ఎయిర్ అది కాదు కాబట్టి గంటలన్నీ వృథా అని దిగాలు పడతారు. కోచింగ్ నోట్సులు కూడా రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంటాయి.

నిర్వచనాలను పక్కపక్కన పెట్టి చూడండి. మల్టీ-పైలట్ విమానం అంటే కనీసం ఇద్దరు పైలట్ల సిబ్బందితో నడిపేలా సర్టిఫికెట్ పొందినది. అంటే దాన్ని నిర్ణయించేది తయారీనాటి కాగితం. మల్టీ-పైలట్ ఆపరేషన్ మాత్రం మల్టీ-క్రూ కోఆపరేషన్ (పైలట్లు పనులు పంచుకుని జట్టుగా నడిపే) పద్ధతిలో కనీసం ఇద్దరు పైలట్లు అవసరమైన ఆపరేషన్. విమానం మల్టీ-పైలట్‌దైనా, సింగిల్-పైలట్‌దైనా సరేనని నిర్వచనమే చెబుతోంది. కాబట్టి ఆ కింగ్ ఎయిర్ సింగిల్-పైలట్ విమానంగానే ఉంటూ మల్టీ-పైలట్ ఆపరేషన్‌లో పాల్గొనగలదు.

ఇక మిగిలింది ‘అవసరమైన’ అన్న మాట. ఆ అవసరం ఎక్కడి నుంచి వచ్చింది? పార్ట్-ఎఫ్‌సీఎల్‌లో వెతికితే దొరకదు. విమానాలు నడపడానికి సంబంధించిన 965/2012 నియమావళిలోని ఓఆర్‌ఓ.ఎఫ్‌సీ.200కు వెళ్లాలి. ప్రయాణికుల సీట్లు తొమ్మిది దాటిన టర్బోప్రాప్‌ను ఐఎఫ్‌ఆర్ కింద గానీ, రాత్రి గానీ నడిపితే ఇద్దరు పైలట్లు ఉండాలని అక్కడుంది. మన పది సీట్ల విమానం ఇందులోకి వస్తుంది. మల్టీ-క్రూ పద్ధతి పాటించి ఉంటే ఆ గంటలు 500లో చెల్లుతాయి.

అదే విమానం మరునాడు పగలు, వీఎఫ్‌ఆర్ (బయటికి కంటితో చూస్తూ ఎగిరే నిబంధనలు) కింద ఎగిరిందనుకోండి. ఈ నిబంధన రెండో పైలట్‌ను అడగదు. ఆ గంటలూ కలపాలంటే ‘అవసరం’ వేరే ఏ నిబంధన నుంచి వచ్చిందో చూపించాలి. అందుకే లాగ్‌బుక్‌ను విమానం పేరు చూసి కాకుండా వరుస వరుసా చదవాలని నేను పట్టుబడతాను.

ఎడమవైపు కూర్చున్న కమాండర్‌కు ఏటీపీఎల్ ఉండాలా? ఎఫ్‌సీఎల్.305 ప్రకారం సీపీఎల్ (వాణిజ్య పైలట్ లైసెన్సు) ఉన్నవారు వాణిజ్య ప్రయాణాల్లో సింగిల్-పైలట్ విమానానికి పీఐసీగా (విమాన బాధ్యత వహించే పైలట్‌గా) ఉండవచ్చు. ఇక్కడ మాట విమానమే, ఆపరేషన్ కాదు. సీపీఎల్ చాలు. కానీ అక్కడితో పుస్తకం మూయకండి. బహుళ ఇంజన్ల విమానాన్ని ఐఎఫ్‌ఆర్ కింద నడపాలంటే మొత్తం 700 గంటలు, అందులో పీఐసీగా 400 ఉండాలని ఓఆర్‌ఓ.ఎఫ్‌సీ.ఎ.250 షరతు పెడుతుంది. ఒక నియమావళి ఇచ్చిన హక్కును ఇంకొకటి కుదించడం ఇక్కడ మామూలే.

అభ్యాసం: పీపీఎల్ (ప్రైవేటు పైలట్ లైసెన్సు) ఉన్న ఇద్దరు స్నేహితులు పగటిపూట సెస్నా 172లో సరదాగా ఎగిరారు. కుడివైపు ఉన్నవారు రేడియో చూసుకున్నారు. వారు ఆ గంటను కో-పైలట్‌గా రాసుకోవచ్చా? ఎఫ్‌సీఎల్.010లో కో-పైలట్ నిర్వచనం చదివి, జవాబును తేల్చే మాటల కింద గీత గీయండి. జవాబు ఐదో పాఠంలో.