ఒంటరి రైలు ప్రయాణం – 5వ పాఠం: తెలియని ఊళ్లో దిగడం

గత పాఠంలో బెర్తు సంఖ్యను ఎనిమిదితో భాగించి, మిగిలిన శేషాన్నిబట్టి అది కింది బెర్తో, పై బెర్తో, పక్క బెర్తో చెప్పడం నేర్చుకున్నాం. మధ్య బెర్తు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకే వేసుకోవాలన్న నియమమూ చూశాం. ఈ పాఠం దిగడం గురించి.

టికెట్టు కోసం అరవై రోజుల ముందే కాచుకుని కూర్చుంటాం. ఎక్కే రోజున గంట ముందే స్టేషనుకు చేరుకుంటాం. దిగడానికి మాత్రం రైలు ఆగాకే సిద్ధపడతాం. ఒంటరిగా వెళ్లేవారికి వచ్చే చిక్కులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయని నా అనుభవం. పక్కన మనిషి ఉంటే ఒకరు సామాను చూసుకుంటారు, ఇంకొకరు దారి అడుగుతారు. ఒక్కరే అయినప్పుడు ఆ రెండో మనిషి చేయాల్సిన పని రైలులోనే ముగించుకోవాలి.

ఉదాహరణకు విజయవాడ నుంచి కోల్‌కతా ప్రయాణం తీసుకుందాం. మన రెండు రాష్ట్రాలవారు ఎక్కువగా వెళ్లే దారే కాబట్టి చాలామందికి పనికొస్తుంది.

ముందుగా టికెట్టు మీద చివరి స్టేషను పేరు చదవండి. కోల్‌కతాకు వెళ్లే రైళ్లన్నీ హౌరాలో ఆగవు. కోరమండల్, ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లు షాలిమార్‌లో ఆగిపోతాయి. కొన్ని రైళ్లకు సాంత్రాగాచీయే చివరి స్టేషను. మూడూ హుగ్లీ నదికి పడమటి ఒడ్డునే ఉన్నాయి. కోల్‌కతా నగరం తూర్పు ఒడ్డున ఉంది. అంటే హౌరాలో దిగినవారు ఇంకా కోల్‌కతా చేరనట్టే, నది దాటాలి. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే స్టేషను బయట సగం తికమక తగ్గుతుంది.

తర్వాత చూడవలసింది వెలుగు. గడియారం దేశమంతటా ఒకటే గాని సూర్యుడు ఒకటి కాడు. డిసెంబరులో హైదరాబాదులో అయిదున్నర దాటాక కూడా వెలుగుంటుంది. కోల్‌కతాలో అయిదింటికల్లా పొద్దు వాలిపోతుంది. అదే జూన్‌లో అయితే తెల్లవారుజామున అయిదు కాకముందే అక్కడ ఎండ వచ్చేస్తుంది. కాబట్టి చలికాలంలో సాయంత్రం అయిదున్నరకు చేరే రైలంటే చీకట్లో చేరే రైలని లెక్క. కొత్త ఊరికి తొలిసారి వెళ్లేటప్పుడు ఉదయం చేరే రైలునే ఎంచుకోమని గట్టిగా చెబుతాను, ఛార్జీ కాస్త ఎక్కువైనా సరే.

ఇక ఈ పాఠంలో అసలు విషయం. దిగే స్టేషనుకు సుమారు రెండు గంటల ముందు వచ్చే ఒక పెద్ద స్టేషనును గుర్తు పెట్టుకోండి. దాన్ని నేను మేలుకొలుపు స్టేషను అంటాను. హౌరాకు వెళ్లేవారికి అది ఖరగ్‌పూర్, అక్కడి నుంచి హౌరా సుమారు 115 కిలోమీటర్లు. రైల్వే ఉద్యోగాల కోసం తరాల కిందట వెళ్లి స్థిరపడిన తెలుగువారు ఆ ఊళ్లో చాలామంది ఉన్నారు. తొలిసారి వెళ్లినప్పుడు ప్లాట్‌ఫారం మీద ఒక పెద్దావిడ “ఒక్కదానివే వెళ్తున్నావా అమ్మా?” అని తెలుగులో పలకరించారు. రాత్రంతా అర్థంకాని మాటల మధ్య కూర్చున్న నాకు ఆ పిలుపుతో ప్రాణం లేచివచ్చింది. నదిని లాంచీలో దాటవచ్చని మొదట చెప్పింది ఆవిడే.

ఖరగ్‌పూర్ దాటగానే చేయవలసిన పనులున్నాయి. ఫోను ఛార్జింగుకు పెట్టాలి. పది, ఇరవై రూపాయల నోట్లు వేరు జేబులోకి మార్చాలి. దుప్పటి మడిచి, బెర్తు కింద చెప్పులూ సీసాలూ వెతికి, సామాను లెక్కపెట్టుకోవాలి. బస చేసే చోటి చిరునామా కాగితం మీద రాసి ఉండాలి, ఫోనులో ఉంటే చాలదు. ముందురోజే బసవారికి ఫోను చేసి, చిరునామాను బెంగాలీ లిపిలో సందేశంగా పంపమని అడిగితే సంతోషంగా పంపుతారు. దాన్ని చూసి కాగితం మీద దించుకోవచ్చు. బసకు దగ్గరలో అందరికీ తెలిసిన కూడలి ఏదో కూడా అడిగి రాసుకోండి. కోల్‌కతాలో కూడలిని ‘మోడ్’ అంటారు. చిన్న లాడ్జి పేరు ఎవరికీ తెలియకపోవచ్చు గాని, శ్యాంబజార్‌లో గుర్రం మీద నేతాజీ విగ్రహం ఉన్న అయిదు దారుల మోడ్ తెలియనివారు ఉండరు.

ఇప్పుడు కిటికీలోంచి చూడండి. మేచెదా దగ్గర విద్యుత్కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. కోలాఘాట్ దాటగానే రూప్‌నారాయణ్ నది మీద పొడవైన వంతెన వస్తుంది. అక్కడికి దాదాపు సగం దూరం అయినట్టు. ఫోనులో సంకేతం లేకపోయినా, రైలు ఆలస్యమైనా, నది తప్పిపోదు. ప్రతి దారిలోనూ ఇలాంటి గుర్తులు రెండు మూడు ఎంచుకుని పెట్టుకోవాలి.

ఈ గుర్తులు లేకనే నేను తొలిసారి పొరపాటు చేశాను. సాంత్రాగాచీలో రైలు చాలాసేపు నిలబడింది. బోగీలో సగంమంది సామాను దించుకుంటున్నారు. ఇదే చివరి స్టేషననుకుని నేనూ దిగిపోయాను. వాళ్ల ఇళ్లు అటువైపు ఉన్నాయి కాబట్టి వాళ్లు దిగారు. నా రైలు నా కళ్ల ముందే హౌరాకు కదిలిపోయింది. పెద్ద పెట్టెతో లోకల్ రైలెక్కి మిగిలిన దూరం నిలబడి వెళ్లాను. అప్పటినుంచి జనం దిగుతున్నారని దిగను, బోర్డు చదివి దిగుతాను.

హౌరాలో దిగాక పది నిమిషాలు ఎక్కడికీ కదలవద్దు. గుంపును పోనివ్వండి. ప్లాట్‌ఫారం మీద బల్ల చూసుకుని కూర్చుని నీళ్లు తాగండి. బసకు ఫోను చేయండి. ఈ పది నిమిషాల్లో మీ కోసం వచ్చినట్టుగా ఎవరైనా పెట్టె మీద చెయ్యి వేస్తే, “వద్దు” అని ఒక్కసారి గట్టిగా అని ముఖం తిప్పుకోండి. కూలీ కావాలంటే బిల్ల ఉన్నవారినే పిలిచి, పెట్టె ఎత్తకముందే కూలి మాట్లాడుకోండి.

దారి అడగడమూ నేర్చుకోవలసిన విద్యే. “ఇది లాంచీల రేవుకు వెళ్లే దారేనా?” అంటే, తెలియనివారు కూడా మర్యాద కోసం అవుననేస్తారు. “లాంచీల రేవు ఏ వైపు?” అని అడిగితే తెలిసినవారే చెయ్యి చూపిస్తారు. బెంగాలీలో ‘కోన్ దికే?’ అంటే ఏ వైపు అని. ‘కొతో?’ అంటే ఎంత. ముందు ‘దాదా’ అనో ‘దీదీ’ అనో పిలిచి అడగండి. మనంతట మనం వెళ్లి అడిగిన దుకాణదారుని మాటే నమ్మాలి. తనంతట తాను దగ్గరికొచ్చి దారి చెప్పేవారి వెంట వెళ్లకూడదు.

హౌరా నుంచి నది దాటడానికి నాలుగు మార్గాలు. స్టేషను ఎదుటి రేవు నుంచి లాంచీ ఉంది. నది అడుగున సొరంగంలో వెళ్లే మెట్రో 2024 మార్చిలో మొదలైంది. టాక్సీ కావాలంటే ప్రీపెయిడ్ కౌంటరులో చీటీ తీసుకోండి. బరువు తక్కువైతే నడిచే పోవచ్చు. నదిలో ఒక్క స్తంభమూ లేకుండా 1943 నుంచి నిలిచిన హౌరా వంతెన పొడవు 705 మీటర్లే. నా ఓటు లాంచీకి. నీళ్ల మీది నుంచి ఒకవైపు వంతెన, ఎదురుగా మెట్లమీద స్నానాలు చేసే జనం కనిపిస్తుంటే కొత్త ఊరి భయం సడలిపోతుంది. సామాను ఎక్కువున్నా, చీకటి పడినా మాత్రం టాక్సీయే సరైనది.

అభ్యాసం: మీరు వెళ్లాలనుకుంటున్న ఊరి రైలు వేళల పట్టిక తీయండి. మేలుకొలుపు స్టేషను ఒకటి, ఆ తర్వాత దారిలో వచ్చే నది, కొండ వంటి గుర్తులు రెండు, చేరే రోజున అక్కడ పొద్దు వాలే వేళ, స్టేషను నుంచి బసకు రెండు మార్గాలు ఒకే కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని మీ ఇంట్లో ఒకరికి ఇచ్చి, దాన్నిబట్టి మీ ప్రయాణం చెప్పమనండి. వాళ్లు తడబడిన చోట ఇంకో వాక్యం చేర్చండి. స్టేషను క్లోక్‌రూంలో సామాను పెట్టి ఊరు తిరగడం వచ్చే పాఠంలో చూద్దాం. దానికి తాళం పడే పెట్టె ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.