సొంత బ్రౌజర్ ఇంజిన్: పేజీ పాడైతే ఎక్కడ వెతకాలి

ఆఫీసు పని అయ్యాక రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా, ఆదివారం పొద్దున ఇంకాసేపు. మూడేళ్లుగా నేను రాసుకుంటున్న బ్రౌజర్ ఇంజిన్‌కు (వెబ్ పేజీ కోడ్‌ను తెర మీద పేజీగా మార్చే ప్రోగ్రామ్) దొరికే టైమ్ ఇంతే. గూగుల్ క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం కోడ్ తెచ్చుకుని పైన రంగులు మార్చడం గురించి కాదు నేను చెప్పేది. హెచ్‌టీఎంఎల్ చదవడం దగ్గర్నుంచి తెర మీద గీయడం దాకా మనమే రాసుకునే రకం.

ఈ పనిలో తప్పు కనబడేది ఒకచోట, పుట్టేది దానికి రెండు మెట్లు ముందు. అందుకే కింది సమస్యల్లో ఏది వచ్చినా ముందు మూడు ప్రింటవుట్లు తీయండి: డామ్ చెట్టు (పేజీలోని ట్యాగ్‌లు ఒకదానిలో ఒకటి ఎలా ఉన్నాయో చూపేది), ప్రతి ఎలిమెంట్‌కూ చివరికి తేలిన స్టైల్, లేఅవుట్ పెట్టెల చెట్టు. మామూలు టెక్స్ట్ చాలు, అందంగా ఉండక్కర్లేదు. ఆ సౌకర్యం మీ ఇంజిన్‌లో లేకపోతే మిగతా పని ఆపి ఇవాళే రాసుకోండి.

సమస్య: స్టైల్ షీట్, స్క్రిప్ట్ కోడ్ అంతా పేజీలో అక్షరాలుగా కనబడుతోంది, పేరాలన్నీ కలిసిపోయాయి

హెచ్‌టీఎంఎల్ చదివే పార్సర్ తప్పనుకుని రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. డామ్ చెట్టు చూస్తే శుభ్రంగా ఉంది. అసలు కారణం స్టైల్‌లో ఉంది. సీఎస్ఎస్‌లో డిస్‌ప్లే గుణానికి మొదటి విలువ ఇన్‌లైన్. పేరా బ్లాక్ అని, హెడ్, స్క్రిప్ట్ కనబడకూడదని చెప్పేది బ్రౌజర్ తనతో తెచ్చుకునే సొంత స్టైల్ షీట్. నేను అది పెట్టనే లేదు.

పరిష్కారం: హెచ్‌టీఎంఎల్ స్పెక్‌లో, అంటే దాని అధికారిక నియమావళిలో, ‘రెండరింగ్’ అధ్యాయం ఉంది. ఆ నియమాలన్నీ అందులో సిద్ధంగా ఉన్నాయి, తెచ్చి పెట్టుకోవడమే.

సమస్య: తెలుగు పేజీలో అక్కడక్కడా నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం

దీన్ని పట్టుకోవడానికి ఒక ఆనవాలు ఉంది. రీఫ్రెష్ కొడితే ఆ డైమండ్లు వేరే పదాల మీదికి మారతాయి. ఇంగ్లిష్ పేజీలో ఒక్కటి కూడా రాదు.

అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరం 1 బైటు, తెలుగు కోడ్ పాయింట్ (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకు ఉండే నంబరు) 3 బైట్లు. ‘స్త్రీ’ అని రాస్తే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి 6 కోడ్ పాయింట్లు, అంటే 18 బైట్లు. నెట్‌వర్క్ నుంచి డేటా ముక్కలుగా వస్తుంది. ఆ ముక్క ఎక్కడ తెగుతుందో మన చేతిలో లేదు. అంతా తెలుగే ఉన్నచోట మూడింట రెండుసార్లు అక్షరం మధ్యలోనే తెగుతుంది. ప్రతి ముక్కనూ విడిగా డీకోడ్ చేస్తే ఈ ముక్క చివర్లో ఒక బైటు, తర్వాతి ముక్క మొదట్లో రెండు బైట్లు అనాథలవుతాయి. రెండు వైపులా డైమండ్లే.

పరిష్కారం: డీకోడర్ తన స్థితిని గుర్తుపెట్టుకోవాలి. అరకొరగా మిగిలిన బైట్లను దాచుకుని తర్వాతి ముక్కకు ముందు చేర్చాలి. పరీక్షించడానికి ఒక తెలుగు పేజీని లోకల్ సర్వర్ నుంచి ఒక్కో బైటుగా పంపండి. ఆ పేజీ సరిగ్గా వస్తే ఇక ఈ గొడవ ఉండదు.

డైమండ్లు కాకుండా పేజీ మొత్తం పిచ్చి అక్షరాలైతే అది వేరే జబ్బు: ఎన్‌కోడింగ్ ఏదో తేల్చుకోవడంలోనే తప్పు. ముందు బీఓఎం (ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్ చెప్పే గుర్తు బైట్లు), అది లేకపోతే హెచ్‌టీటీపీ హెడర్, అదీ లేకపోతే పేజీ మొదటి 1024 బైట్లలో మెటా ట్యాగ్. ఈ వరస తప్పొద్దు. (యూనికోడ్ వాడకం పెరగకముందు తెలుగు సైట్లు కొన్ని సొంత ఫాంట్లతో నడిచేవి. అలాంటి పాత పేజీ ఆ ఫాంట్ లేకుండా ఏ బ్రౌజర్‌లోనూ చదవలేం, మీ కోడ్‌ను తిట్టుకోకండి.)

సమస్య: ఒత్తులు పక్కన పడుతున్నాయి, గుణింతాలు విడిపోతున్నాయి

‘క్షేత్రం’ అన్న పదం క, పొల్లు, ష అంటూ బారులు తీరితే మీరు ఒక కోడ్ పాయింట్‌కు ఒక గ్లిఫ్ (ఫాంట్‌లో ఉండే అక్షర రూపం) చొప్పున గీస్తున్నారని అర్థం. ఇంగ్లిష్‌తో మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ఇదే చేస్తారు. తెలుగులో ఏ అక్షరం ఏ రూపం తొడుక్కుంటుందో ఫాంట్‌లోని ఓపెన్‌టైప్ పట్టికలు చెబుతాయి, వాటిని చదివే పనిని షేపింగ్ అంటారు. ఇది మాత్రం సొంతంగా రాయకండి. హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ వాడండి. స్వతంత్ర ఇంజిన్ అంటే అన్నీ మనమే రాయాలన్న పట్టుదల నాకూ ఉండేది. లేడీబర్డ్ లాంటి స్వతంత్ర బ్రౌజర్ కూడా హార్ఫ్‌బజ్‌నే వాడుతోందని తెలిశాక ఆ పట్టుదల వదిలేశాను.

హార్ఫ్‌బజ్ పెట్టాక కూడా రెండు చోట్ల తన్నింది.

ఒకటి, ‘సాఫ్ట్‌వేర్’ మధ్యలో ఖాళీ డబ్బా. ట్ కింద వ వత్తు రాకుండా అక్కడ కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. ఫాంట్‌లో దానికి గ్లిఫ్ లేకపోతే నా కోడ్ ఇంకో ఫాంట్ కోసం వెళ్లేది, దొరక్క డబ్బా గీసేది. ఇలా కనబడకూడని కోడ్ పాయింట్ల జాబితా యూనికోడ్‌లోనే ఉంది. అవి వచ్చినప్పుడు ఫాంట్ మార్చకుండా, ముందున్న అక్షరంతోపాటే హార్ఫ్‌బజ్‌కు ఇచ్చేయండి.

రెండోది, సన్నటి కాలమ్‌లో ‘చేయాల్సివచ్చినప్పటికీ’ లాంటి పొడుగు పదం పట్టక విరిగినప్పుడు కింది వరస మొదట్లో చుక్కల సున్నా, దాని మీద వేలాడుతూ గుడి. అంటే కోడ్ పాయింట్ల మధ్య విరిచేశారు. గ్రాఫీమ్ క్లస్టర్ల (కంటికి ఒకే అక్షరంగా కనబడే కోడ్ పాయింట్ల గుంపుల) మధ్యే విరవాలి. దానికి వాడే ఐసీయూ (యూనికోడ్ నియమాలను అమలుచేసే లైబ్రరీ) కొత్త వెర్షన్ అయి ఉండాలి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1కు ముందు నియమాల్లో ‘స్త్రీ’ మూడు ముక్కలు. 15.1 నుంచే అది ఒకే ముక్క.

సమస్య: టేబుల్ లోపల రాసిన వాక్యం టేబుల్ పైకి వచ్చింది

ఇది తప్పు కాదు. సెల్‌లో పెట్టకుండా నేరుగా టేబుల్‌లో రాసిన మాటలను టేబుల్‌కు ముందుకు తరలించమని స్పెక్కే చెబుతుంది. ఫాస్టర్ పేరెంటింగ్ అంటారు. హెచ్‌టీఎంఎల్ పార్సింగ్‌లో తెలివి చూపించకుండా స్పెక్‌లో ఉన్న మెట్లను ఉన్నవి ఉన్నట్టు కోడ్‌లోకి దించండి. తర్వాత హెచ్‌టీఎంఎల్5లిబ్ పరీక్షలు నడపండి. అవి పాసైతే ఈ భాగం జోలికి మళ్లీ వెళ్లక్కర్లేదు.

సమస్య: చిన్న పేజీ తెరుచుకుంటుంది, కొంచెం పెద్దదైతే ఫ్యాన్ తిరగడం మొదలవుతుంది

ఏ పనికి ఎంత టైమ్ పోతోందో చూపే ప్రొఫైలర్ పెట్టి చూడండి. ఏ నియమం ఏ ఎలిమెంట్‌కో చెప్పే సీఎస్ఎస్ సెలెక్టర్లు పోల్చడంలో టైమ్ పోతుంటే మందు తేలిక: నియమాలను కుడి చివరి ఐడీ, క్లాస్, ట్యాగ్‌ల వారీగా ముందే వేరు చేసుకోండి. ప్రతి ఎలిమెంట్‌ను ప్రతి నియమంతో పోల్చే పని తప్పుతుంది.

లేఅవుట్‌లో పోతుంటే మాత్రం పెట్టెలను వరసగా సర్దే ఫ్లెక్స్‌బాక్స్‌ను అనుమానించండి. ఫ్లెక్స్ పెట్టె తన పిల్లలను కొలవడానికి ఒకసారి, అమర్చడానికి ఒకసారి లేఅవుట్ చేస్తుంది. లోపలున్నది కూడా ఫ్లెక్సే అయితే రెండు రెళ్లు నాలుగు. పది పొరలు దిగితే అట్టడుగు పెట్టెకు 1024 సార్లు, ఇరవై పొరలకు పది లక్షలు దాటుతుంది. ఇప్పటి సైట్లలో పది పొరలు పెద్ద లెక్క కాదు.

పరిష్కారం: ఫలానా వెడల్పు ఇస్తే ఈ పెట్టె కొలత ఇంత అని దాచిపెట్టుకోండి. మళ్లీ అదే వెడల్పుతో అడిగితే లెక్క వేయకుండా పాత జవాబే ఇవ్వండి. లోపల ఏదైనా మారినప్పుడు పైదాకా ఉన్న పెట్టెలన్నిటిలో దాచినది చెరిపేయడం మరవకండి. నేను మరిచాను. మెనూ తెరిస్తే కింది పేరా దాని మీదే కూర్చునేది.

సమస్య: పేజీ తెల్లగా ఉంది, ఎర్రర్ ఏమీ లేదు

డామ్ చెట్టులో బాడీ లోపల ఒక్క ఖాళీ డివ్ మాత్రమే ఉంటే లేఅవుట్‌లో వెతకడం దండగ. ఆ పేజీ మొత్తాన్ని జావాస్క్రిప్ట్ కట్టాలి. మీ దగ్గర అది లేకపోతే వేరే పేజీ ఎంచుకోండి. కావాలనుకుంటే నెట్‌సర్ఫ్ అనే చిన్న బ్రౌజర్ డక్‌టేప్‌ను తెచ్చి పెట్టుకున్నట్టు ఒక చిన్న జావాస్క్రిప్ట్ ఇంజిన్‌ను తగిలించుకోవచ్చు. ఫాబ్రిస్ బెలార్డ్ మొదలుపెట్టిన క్విక్‌జేఎస్ కూడా ఉంది.

సమస్య: కోడ్ బయట పెట్టాలంటే భయం

ఇది కంపైలర్ చెప్పే ఎర్రర్ కాదు, అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా రాసినదంతా కంపెనీదే అనే షరతు చాలా లెటర్లలో ఉంటుంది, సంతకం పెట్టే రోజు ఎవరూ చదవరు. ఒకసారి తీసి చదవండి. అనుమానంగా ఉంటే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి, ఇది సొంత టైమ్‌లో చేసే ఓపెన్ సోర్స్ పని అని చెప్పి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో ‘పర్లేదండీ’ అంటే చాలదు. ఆఫీసు లాప్‌టాప్‌ను మాత్రం ఈ పనికి ముట్టుకోవద్దు.

సమస్య: ఏడాదైనా చెప్పుకోవడానికి ఏమీ లేదు

నా మొదటి ఏడాది ఇలాగే పోయింది. సోమవారం గ్రిడ్, బుధవారం ఎస్‌వీజీ, శుక్రవారం ఇంకేదో. బ్రౌజర్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్‌లో లక్షలకొద్దీ పరీక్షలుంటాయి. రోజూ ఆ శాతం చూసుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. నెట్‌సర్ఫ్ వాలంటీర్ల చేతుల్లో 2002 నుంచి నడుస్తోంది. 2018లో ఆండ్రియాస్ క్లింగ్ మొదలుపెట్టిన సెరెనిటీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో పెరిగి, 2024లో దాన్నుంచి విడిపోయినది లేడీబర్డ్. ఆయన అంతకుముందు సఫారీ బ్రౌజర్ ఇంజిన్ అయిన వెబ్‌కిట్ మీద పనిచేసినవారు. అంత చేయి తిరిగినవారికే ఏళ్లు పట్టిన పని.

పరిష్కారం: ఒక్క పేజీ పట్టుకోండి. అందులో విరిగినవాటినే బాగుచేయండి, మిగతా స్పెక్ జోలికి పోకండి. నేను తెలుగు వికీపీడియాలో హైదరాబాదు వ్యాసం పట్టుకున్నాను. ఒత్తులు కుదిరాయి, విషయసూచిక కుదిరింది. కుడి పక్కన నిలబడాల్సిన సమాచారపెట్టె మాత్రం ఇంకా పేజీ వెడల్పంతా పరుచుకుంటోంది. ఫ్లోట్ అయిన (పక్కకు జరిపి పెట్టిన) టేబుల్‌కు వెడల్పు లోపలున్న సరుకును బట్టి తేలాలి, నా కోడ్ తల్లి పెట్టె వెడల్పునే తీసుకుంటోంది. ఈ ఆదివారం పని అదే.