డిప్రెషన్ మాత్ర మొదలుపెట్టాక ఇంట్లోవాళ్లు ఏం గమనించాలి

అనంతపురంలో డాక్టరు మా తమ్ముడికి ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర రాసిచ్చిన ఐదో రోజు, రాత్రి రెండింటికి మిద్దె మీద అడుగుల చప్పుడు వినపడింది. పోయి చూస్తే ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తున్నాడు, కూర్చోమంటే కూర్చుంటాడు, నిమిషం కాకముందే లేస్తాడు. "లోపల ఏదో తరుముతా ఉందక్కా" అన్నాడు. అవ్వ గాలి సోకిందంది. కాదు, దాన్ని అకథీసియా అంటారు, మాత్ర వల్ల కొందరికి వస్తుంది. డాక్టరు డోసు తగ్గించాక సర్దుకుంది.

అందుకే మాత్ర మొదలైన రోజే గోడ క్యాలెండరు గడుల్లో ఎన్ని గంటలు నిద్రపోయారో, కాలు నిలుస్తోందో లేదో, మాట ఎలా ఉందో రెండు ముక్కలు రాయడం మొదలుపెట్టండి.

అన్నిటికంటే మోసం చేసేది హుషారు. మూడు గంటలే పడుకుని అలుపు లేకుండా లేచి, గడగడా మాట్లాడుతూ, అప్పు చేసి షాపు పెడతానంటుంటే కోలుకున్నారని సంబరపడొద్దు, అది మేనియా, అంటే హుషారు అదుపు తప్పే జబ్బు, కావచ్చు, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఇంట్లో ఎవరికైనా బైపోలార్, అంటే కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు ఇలాంటి హుషారు వచ్చే జబ్బు, ఉంటే ఆ సంగతి మాత్ర రాయకముందే చెప్పాలి.

పాతికేళ్ల లోపు వాళ్లలో కొందరికి మొదటి వారాల్లో, డోసు మార్చినప్పుడు, చావు ఆలోచనలు పెరగొచ్చు. అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2004లో పిల్లల విషయంలో హెచ్చరించి, 2007లో దాన్ని 24 ఏళ్ల దాకా పెంచింది. "చచ్చిపోవాలనిపిస్తోందా నాయనా?" అని నేరుగా అడగండి, అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. చేనికి కొట్టే మందు డబ్బాలు మన ఇళ్లల్లో మంచం కిందే ఉంటాయి, ముందు వాటిని ఇంట్లోంచి తీసేయండి.

పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే, ముఖ్యంగా బీపీకి నీటి మాత్ర వేసుకునేవాళ్లయితే, ఈ మాత్ర వల్ల రక్తంలో సోడియం, అంటే ఉప్పు, తగ్గి ఉండొచ్చు, పరీక్ష చేయించండి. కొందరికి ఏడుపూ నవ్వూ రెండూ రాని మొద్దుతనం వస్తుంది, అదీ చెప్పాల్సిన విషయమే. నొప్పికి ట్రామడాల్ మాత్ర వాడుతుంటే డాక్టరు దగ్గర దాచొద్దు. అదీ ఈ మాత్రా కలిసి వణుకు, జ్వరం, కలవరింత వస్తే క్యాజువాలిటీకి పోవాల్సిందే.

భయపడి మాత్ర మీరే ఆపేయొద్దు, ఒక్కసారిగా మానేస్తే తలలో షాక్ కొట్టినట్టు ఉంటుంది, పీడకలలు వస్తాయి. అర్ధరాత్రి దిక్కు తోచకపోతే మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఆ క్యాలెండరు కాగితం చింపి సంచిలో పెట్టుకోండి, అక్కడ కూర్చున్నాక ఏ రాత్రి ఏమైందో ఎవరికీ గుర్తుండదు.