బతుకమ్మ పాటలు రికార్డ్ చేస్తరా, అయితే ఇది చూడుండ్రి

సద్దుల బతుకమ్మకు హన్మకొండ పద్మాక్షి గుట్ట కాడికి పోయేటోళ్లు ఫోన్ల పాటలు రికార్డ్ చేస్తరు గదా, ఇంటికొచ్చి వింటే చప్పట్లు పటపట పగులుతయి, అమ్మలక్కల గొంతు ఎక్కడ్నో నూతిలకెళ్లి వచ్చినట్టు ఉంటది. చిన్న హ్యాండీ రికార్డర్ ఒకటి ఉంటే మస్తు ఫరక్ పడతది.

ముందుగాల ఆటో లెవెల్ బంద్ చేయుండ్రి. అది ఆన్‌ల ఉంటే డప్పు దెబ్బ పడంగనే సౌండ్ తగ్గించి, ఆగంగనే మళ్ల పెంచుతది, పాట ఊగుతున్నట్టు అయితది. లెవెల్ చేత్తోని పెట్టుకోండ్రి, గట్టి చప్పుడుకు గూడ స్క్రీన్ మీద సౌండ్ ఎంతుందో చూపే మీటర్ -12 డీబీ కాడికే రావాలె. తక్కువొస్తే తర్వాత పెంచుకోవచ్చు గనీ పగిలింది మాత్రం అతకదు.

ఫార్మాట్ వేవ్ (WAV, సౌండ్‌ను కుదించని ఫైల్), 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుండ్రి, స్టీరియోల గంటకు దగ్గరదగ్గర 1 జీబీ అయితది, అంటే 32 జీబీ కార్డుల 30 గంటల దాక పడతది, ఇంక పిసినారితనం ఎందుకు? ఎంపీ3 తర్వాత చేస్కోవచ్చు, వినుడుకు. మైకుకు బొచ్చు కవర్ తప్పకుండ తొడగాలె, గుట్ట కాడ గాలి బాగుంటది.

ఇంకోటి, కొన్ని రికార్డర్లల్ల ఎర్ర బటన్ ఒక్కసారి ఒత్తితే స్టాండ్‌బైనే, లైటు మిణుకు మిణుకు అంటది, రెండోసారి ఒత్తితేనే షురూ. మా అమ్మమ్మ పాడిన అరగంట నాకు గట్లనే పోయింది. గందుకే లైటు గాదు, స్క్రీన్ మీద టైం కదులుతుందా లేదా చూడుండ్రి.