లవేజ్ గింజలు మొలవట్లేదా? ముందు వాటి వయసు చూడండి

లవేజ్ వేద్దామనుకునేవాళ్లు మట్టి కంటే ముందు గింజ సంగతి చూసుకోవాలి. లవేజ్ అంటే కూరల్లో వాసన కోసం వేసే ఆకుమొక్క, కొత్తిమీర, సెలరీల కుటుంబమే ఇది. గింజకు మొలిచే శక్తి తొందరగా పోతుంది. ప్యాకెట్ మీద ఈ ఏడాది తేదీ ఉంటేనే కొనండి. పాతవే ఉంటే కాస్త ఒత్తుగా చల్లడం తప్ప చేయగలిగిందేమీ లేదు.

గింజ మీద అర సెంటీమీటరు మట్టి చాలు. 18 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో రెండు మూడు వారాలకు మొలకలు వస్తాయి. అప్పటిదాకా కుండీ ఖాళీగా కనిపిస్తుంటే టెన్షన్ పడి తవ్వి చూడొద్దు. పైమట్టి ఆరకుండా స్ప్రేతో తడుపుతూ ఉండండి, అంతే. మొదట సన్నటి జంట ఆకులొస్తాయి, అవి గడ్డిపోచల్లా ఉంటాయి కాబట్టి కలుపు అనుకుని పీకేయకండి. ఆ తర్వాత వచ్చే ఆకుకు అంచులు చీలి ఉంటాయి. దాన్ని నలిపితే ఘాటైన సెలరీ వాసన. ఇక అనుమానం అక్కర్లేదు.

వేరు లోతుగా దిగుతుంది, కాబట్టి మొక్క చిన్నగా ఉన్నప్పుడే లోతైన కుండీలోకో నేలలోకో మార్చేయాలి. నేలలో కుదురుకుంటే మనిషెత్తు పెరుగుతుంది. అందుకే ఇంటికి ఒక్క మొక్క చాలు, రెండోది వృథా అంటాను నేను. చలికాలంలో పైభాగం ఎండిపోతుంది గానీ, వసంతంలో మళ్లీ వేరు నుంచే చిగురిస్తుంది. మొదటి ఏడాది ఆకులు పొదుపుగా కోయండి, కూరలోనూ పొదుపుగానే వేయండి.