అక్రా, కుమాసి వెళ్తున్నారా? సూట్‌కేసు సర్దకముందే ఇవి చూసుకోండి

ఘనా బయల్దేరేవాళ్ళు నన్ను మొదట అడిగేది ఒకటే, "అక్కడ దొంగతనాలు ఎక్కువటగా?" అని. ఉన్నాయి, దాని సంగతీ చెప్తాను. కానీ నేను అక్రాలో ఉన్న రెండేళ్ళలో మనవాళ్ళని ఎక్కువగా మంచాన పడేసింది దోమ, దాని తర్వాత రోడ్డు. అందుకని ఆ వరసలోనే చెప్తా.

ముందు ఎల్లో ఫీవర్ టీకా. టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు ఘనాలో దిగగానే అడుగుతారు, తిరిగొచ్చినప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో కూర్చోబెట్టొచ్చు. సూది వేయించుకున్న పది రోజులకి గానీ కార్డు చెల్లదు, కాబట్టి ప్రయాణం ఇంకో వారం ఉందనగా పరిగెత్తితే లాభం లేదు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. కార్డు మీద పాస్‌పోర్టు నంబరు సరిగ్గా రాశారో లేదో అక్కడే నిలబడి చూసుకోండి, ఇంటికొచ్చి చూసుకుంటే మళ్ళీ ఓ రోజు పోతుంది.

ఇక మలేరియా. "మా ఊళ్ళోనూ ఉందిగా, మాకేం కాదులే" అనుకునేవాళ్ళే ఎక్కువ పడతారు. అక్కడ వచ్చేది చాలావరకు ఫాల్సిపారమ్ రకం, మెదడుకెక్కే రకం, దానికి క్లోరోక్విన్ పనిచేయదు. వెళ్ళేముందే డాక్టర్‌ని కలిసి అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ గానీ డాక్సీసైక్లిన్ గానీ రాయించుకోండి, రెండూ బయల్దేరడానికి ఒకటి రెండు రోజుల ముందే మొదలుపెట్టాలి. సాయంత్రమైతే ఫుల్ చేతుల చొక్కా, గదిలో దోమతెర. హోటల్ ఏసీ ఉందిగా అని ధీమా వద్దు, కరెంటు పోతే ఏసీ ఉండదు, దోమ ఉంటుంది. అక్కడ కరెంటు కోతలకి డమ్సోర్ అని ఒక పేరే ఉంది!

ఏ నెలలో వెళ్తున్నారన్నది కూడా ముఖ్యం. దక్షిణాన ఏప్రిల్ నుంచి జులై దాకా పెద్ద వానలు, సెప్టెంబరు, అక్టోబరుల్లో చిన్న వానలు. అక్రాలో రోడ్డు పక్కనే మూతల్లేని సిమెంటు కాలవలుంటాయి, కొన్నిచోట్ల నడుము లోతు, వాన పడి నిండితే రోడ్డెక్కడ ఆగిందో కాలవెక్కడ మొదలైందో తెలీదు. మా ఆఫీసాయన ఒకరు ఫోన్‌లో మాట్లాడుతూ టాక్సీ దిగి, దిగడం దిగడమే అందులోకి కాలు వేశాడు, చెప్పు అటే పోయింది, కాలికి ఆరు వారాల కట్టు. అది నవ్వుకునే కథ. 2015 జూన్ 3 రాత్రి జరిగింది మాత్రం కాదు: అక్రాలోని క్వామే ఎన్‌క్రుమా సర్కిల్ దగ్గర, వరదలొచ్చిన వానకి తడవకుండా జనం ఒక పెట్రోల్ బంకులో నిలబడితే మంటలంటుకుని పేలింది, ఆ వరదలో, మంటల్లో 150 మందికి పైగా పోయారు. జోరు వానలో ఎక్కడున్నారో అక్కడే, మెరకలో ఉన్న చోట ఆగిపోండి, మీటింగు ఎక్కడికీ పోదు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హర్మటాన్, సహారా నుంచి వచ్చే దుమ్ము గాలి. పెదాలు పగులుతాయి, ఆస్తమా ఉన్నవాళ్ళు ఇన్‌హేలర్ మర్చిపోకూడదు. ఆ రోజుల్లో ఉత్తరాన టమాలే వెళ్ళేపనుంటే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా గురించి కూడా డాక్టర్‌ని అడగండి.

అక్రా నుంచి కుమాసి 250 కిలోమీటర్లు. రాత్రి బస్సు వద్దు, అంతే. లారీలు లైట్లు లేకుండా రోడ్డు మీదే ఆగి ఉంటాయి. పగలు వెళ్ళండి, లేదా విమానమెక్కండి, ముప్పావు గంట. ఊళ్ళో తిరగడానికి ట్రోట్రో, అంటే అక్కడి షేర్ వ్యాను, ఎక్కడం సరదాగానే ఉంటుంది, మేట్ అనే కండక్టరు కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ "సర్క్ సర్క్ సర్క్" (సర్కిల్‌కి అని) అరుస్తుంటాడు. కానీ బ్యాగులతో, కొత్తలో, చీకటి పడ్డాక అయితే యాప్ టాక్సీయే మేలు. ఫోన్ లాక్కుపోయేది కూడా ఇలాంటప్పుడే, సిగ్నల్ దగ్గర అద్దం దించి మెసేజ్ కొడుతుంటే బైకు మీద వచ్చి చటుక్కున లాగేస్తారు. అక్రాలో మకోలా, కుమాసిలో కెజేటియా మార్కెట్లలో బ్యాగు ముందుకి వేసుకోండి.

కేప్ కోస్ట్, ఎల్మినా కోటలు తప్పకుండా చూడండి, ఎల్మినాది 1482లో పోర్చుగీసువాళ్ళు కట్టింది. అక్కడి సముద్రంలోకి మాత్రం మోకాలు దాటి దిగొద్దు. మన రామకృష్ణా బీచ్ తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, అలాగే లోపలికి లాగేస్తుంది.

"ఘనాలో బంగారం చవక, పార్టీ మనకి తెలిసినవాడే" అని ఎవరైనా వాట్సాప్‌లో పెడితే బ్లాక్ చేసేయండి. మోసం సంగతి అటుంచి, 2025లో గోల్డ్‌బోడ్ అని ప్రభుత్వ సంస్థ పెట్టి, అక్కడి లోకల్ బంగారం వ్యాపారం నుంచి విదేశీయుల్ని తప్పించేశారు. కొంటే మీరే ఇరుక్కుంటారు.

ఎడమ చేత్తో డబ్బులివ్వకండి, మనింట్లో అమ్మమ్మ తిట్టినట్టే అక్కడా తప్పు పడతారు. మిలటరీ రంగు ప్యాంట్లు, చొక్కాలు ఇంట్లోనే వదిలేయండి, మామూలు జనం వేసుకోవడం చట్టరీత్యా నేరం. సైనిక స్థావరాలు, అధ్యక్షుడి భవనం ఫొటోలు తీయకండి.

శాకాహారులకి ఒక మాట. వాచే అని దొరుకుతుంది, అన్నం, అలసందలు కలిపి జొన్నాకులేసి ఉడికిస్తారు, బ్రహ్మాండం. కానీ పైన వేసే నల్లటి షిటో చూడ్డానికి మన అల్లం పచ్చడిలా ఉన్నా అందులో ఎండు చేప, రొయ్యల పొడి ఉంటుంది. గిన్నెలో పడకముందే వద్దని చెప్పండి.

112 ఫోన్‌లో వేసుకోండి, అన్ని ఎమర్జెన్సీలకీ అదే.

ఇంటికొచ్చాక మాత్రలు ఆపేయకండి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ ఇంకో ఏడు రోజులు, డాక్సీసైక్లిన్ అయితే నాలుగు వారాలు వేసుకోవాలి. ఆ తర్వాత రెండు మూడు నెలల్లో జ్వరం వచ్చిందా, వైరల్ అని పారాసిటమాల్‌తో కూర్చోకుండా అదే రోజు రక్తపరీక్షకి వెళ్ళి, డాక్టర్ అడగకపోయినా మీరే ముందుగా "ఘనా వెళ్ళొచ్చాను" అని చెప్పండి.