ఇత్తడి రేకుతో చిన్న రైలింజను – 3వ పాఠం: సన్న బెజ్జాలు

పోయిన పాఠంలో క్యాబ్ (డ్రైవరు నిలబడే గది) పక్కరేకులు రెండూ కోసి అంచులు ఆకురాయితో సాపు చేశాం. ఇప్పుడు చేతికడ్డీలకు బెజ్జాలు వెయ్యాలి.

మనం చేస్తున్నది మన పర్లాకిమిడి లైట్ రైల్వే బండి. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి మొదలై, 1931 నాటికి గుణుపురం దాకా సాగిన ఆ లైనులో పట్టాల మధ్య వెడల్పు అప్పట్లో 762 మిల్లీమీటర్లు. 48వ వంతుకి తగ్గిస్తే 16కి ఓ పిసరు తక్కువ. అదే లెక్కన అంగుళం లావు చేతికడ్డీ అర మిల్లీమీటరు తీగ అవుతుంది. బెజ్జం 0.1 మిల్లీమీటరు పక్కకి జరిగితే అసలు బండి మీద దాదాపు 5 మిల్లీమీటర్ల తేడా. రివెట్ల వరసలో ఆ ఒక్కటే కంటికి కొడుతుంది. అందుకే ఈరోజు ఎక్కువ సేపు గుర్తు పెట్టడం మీదే ఉందాం.

రేకుని సబ్బుతో కడిగి, ఆరాక నల్ల మార్కరు పూయండి. దాని మీద స్క్రైబరు (రేకు మీద గీసే ఉక్కు ముల్లు) గీత మెరుస్తూ కనిపిస్తుంది. ఒక్కసారే, తేలికగా గియ్యండి. రెండోసారి గీస్తే రెండు గీతలు పడతాయి, ఏది అసలుదో తెలీదు. కొలతలన్నీ ఒకే అంచు నుంచి తియ్యండి. ఒక బెజ్జం నుంచి ఇంకో బెజ్జానికి కొలుచుకుంటూ పోతే, ప్రతి చిన్న తేడా తర్వాతదానికి కలుస్తూ పోతుంది.

ఇక పంచ్, అంటే బిట్ జారకుండా బెజ్జం చోట గుంట పెట్టే ఉక్కు ముల్లు. ముల్లు సన్నగా ఉన్నదే తీసుకోండి. మొనని ఒక గీతలో పెట్టి మెల్లిగా జరపండి. అడ్డగీత దగ్గరికి రాగానే మొన చిన్నగా దిగి ఆగుతుంది, వేళ్లకి తెలుస్తుంది. అక్కడ నిలువుగా పట్టుకుని, సుత్తి లేకుండా చేత్తోనే నొక్కండి. వాచీ రిపేరువాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దంతో చూడండి. గుంట పక్కకి పడితే పంచ్‌ని కావలసిన వైపుకి వంచి మళ్లీ నొక్కితే జరుగుతుంది. సరిపోయాకే, కింద ఉక్కు దిమ్మ పెట్టి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ. గట్టిగా కొడితే పల్చని రేకు వెనకవైపు ఉబ్బుతుంది.

రెండు పక్కల బెజ్జాలూ కలవాలంటే రెండు రేకుల్నీ మూలల్లో కొంచెం సోల్డరుతో అతికించి ఒకేసారి వెయ్యండి. తర్వాత వేడి చేస్తే విడిపోతాయి. ఇంట్లో ఒడిశాలోని బెళగుంఠలో చేసే, ముక్కలు కలిపి వంగేలా అమర్చిన ఇత్తడి చేప ఉంటే ఓసారి వంచి చూడండి. ముక్కలు ఒకదానికొకటి ఎంత చక్కగా అమరాయో అర్థమవుతుంది.

అర మిల్లీమీటరు తీగకి 0.55 డ్రిల్ బిట్ పెట్టండి. హైస్పీడ్ స్టీలు బిట్‌నే పిన్ వైస్‌లో (బిట్‌ని పట్టుకుని వేళ్లతో తిప్పే చిన్న పిడి) బిగించండి. కార్బైడు బిట్ చేతి వణుకుకి విరిగిపోతుంది, అది స్టాండు డ్రిల్‌కే. బిట్ 5, 6 మిల్లీమీటర్లకి మించి బయటికి రాకూడదు. కింద గట్టి చెక్క పెట్టి, రేకుని క్లాంపుతో బిగించండి. చేత్తో మాత్రం పట్టుకోవద్దు. ఇత్తడి బిట్‌ని లాక్కుంటుంది, ముఖ్యంగా అవతలికి తేలే క్షణంలో. స్టాండు డ్రిల్ అయితే వదులు రేకు గిర్రున తిరిగి వేలు కోసేస్తుంది. నూనె అక్కర్లేదు. రెండు, మూడు చుట్లకోసారి బిట్ బయటికి తీసి పొడి దులపండి. ఉక్కు మీద వాడి మొద్దుబారిన బిట్ ఇత్తడిని సరిగ్గా కొయ్యదు, ఆ రెండిటినీ వేరే డబ్బాల్లో పెట్టుకోండి.

చివర్లో ఒత్తిడి దాదాపు వదిలెయ్యండి. బెజ్జం పడ్డాక అంచున లేచిన గరుకుని 2 మిల్లీమీటర్ల బిట్ వేళ్లతో తిప్పి తీసెయ్యండి, ఆకురాయి వద్దు.

వచ్చే పాఠానికి ఒక పని: పాత రేకు మీద 3 మిల్లీమీటర్ల ఎడంలో ఇరవై బెజ్జాలు ఒకే గీతలో వేసి, దీపానికి ఎదురుగా పెట్టి చూడండి. వంకర ఎక్కడుందో గుర్తు పెట్టుకుని తీసుకురండి. తీగ వంచి చేతికడ్డీ దూర్చడం అక్కణ్ణుంచే మొదలుపెడదాం.